ఖాళీ సీట్ల కోసం వేసిన బొమ్మలు: పాత రైల్వే పోస్టర్లలో కళ ఎంత, చరిత్ర ఎంత

తాజ్‌మహల్ మీద వెన్నెల, కాశీ ఘాట్ల మీద తెల్లవారు వెలుగు, కింద పెద్ద అక్షరాలతో ‘విజిట్ ఇండియా’. 1930ల నాటి ఇలాంటి పోస్టర్ల నకళ్లు కాఫీ షాపుల గోడల మీద, హోటళ్ల వరండాల్లో, ఫోన్లలో తిరిగే ఫార్వర్డుల్లో తరచుగా ఎదురవుతున్నాయి. వాటిని చూసి ‘ఆ రోజుల్లో ప్రయాణమంటే ఎంత దర్జాగా ఉండేదో’ అని కొందరు నిట్టూరుస్తారు. ‘ఇదంతా దొరల గొప్పల ప్రచారం’ అని కొందరు కొట్టిపారేస్తారు. ఇద్దరిదీ ఒకే పొరపాటని నాకనిపిస్తుంది. ఇద్దరూ పోస్టరును ఆ కాలానికి తీసిన ఫొటోలాగే చూస్తున్నారు. ఒకరికి ఆ ఫొటో నచ్చింది, ఇంకొకరికి నచ్చలేదు.

రైల్వే పోస్టరు వ్యాపార కాగితం. తన బండ్లలో ఏ సీట్లు ఖాళీగా పోతున్నాయో, వాటిలో ఎవరిని కూర్చోబెట్టాలనుకుంటున్నదో ఒక కంపెనీ తనకు తెలియకుండానే బయటపెట్టుకున్న కాగితం. ఈ మాట అర్థం కావాలంటే ముందు ఈ పోస్టర్లు బాగా పండిన బ్రిటన్‌కు వెళ్లాలి. మన దగ్గరికి తరవాత వద్దాం.

నోటీసు నుంచి బొమ్మ దాకా

రైళ్లు వచ్చిన తొలి దశాబ్దాల్లో స్టేషన్ గోడ మీద కనిపించేవి అక్షరాలే. ఫలానా రోజు ఫలానా ఊరికి ప్రత్యేక బండి, బయలుదేరే వేళ, చార్జీ ఇంత అని నాలుగైదు సైజుల అక్షరాలతో కిక్కిరిసిన కరపత్రాలు. వీటిని నోటీసులు అనవచ్చు. అప్పటికే ప్రయాణం చేయాలనుకున్న మనిషికి అవి సమాచారం ఇస్తాయి.

చిత్రాల పోస్టరు పని వేరు. అది ప్రయాణం ఊసే లేని మనిషికి ఆ కోరిక పుట్టించాలి. వేళలూ చార్జీలూ అందులో దాదాపు ఉండవు. విచిత్రమేమిటంటే చాలా రైల్వే పోస్టర్లలో రైలే ఉండదు. సముద్రతీరం, కోట, గుడి, కొండ కనిపిస్తాయి, ఏ మూలనో కంపెనీ పేరు ఉంటుంది. అమ్మేది టికెట్టే అయినా చూపించేది దిగిన తరవాతి సంగతి.

ఖాళీ సీటు లెక్క

రైల్వే కంపెనీలు బొమ్మలకు అంత డబ్బు ఎందుకు పెట్టాయో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక బండిలో 400 సీట్లు ఉన్నాయనుకోండి. బొగ్గు, సిబ్బంది జీతాలు, పట్టాల నిర్వహణ అన్నీ కలిపి ఒక ప్రయాణానికి 20,000 ఖర్చు, టికెట్టు 100 అనుకుందాం. 200 మంది ఎక్కితే ఖర్చు పూడుతుంది. 201వ మనిషి ఎక్కినందుకు కంపెనీకి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా, అతను ఇచ్చిన 100 దాదాపు మొత్తం లాభం. బండి కదిలిన క్షణానికి ఖాళీగా ఉన్న సీటు మాత్రం సాయంత్రానికి మిగిలిపోయిన ఇడ్లీ పిండి కన్నా అన్యాయం, మర్నాటికి కూడా పనికిరాదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. గోడలు కంపెనీవే. వేలాది స్టేషన్లు, ప్లాట్‌ఫారాలు, వెయిటింగ్ హాళ్లు చేతిలో ఉన్న సంస్థకు పోస్టరు అంటించే చోటికి అద్దె కట్టే పని లేదు. పైగా అక్కడ నిలబడే జనం ఎలాగూ బండి కోసం కాచుకుని ఉంటారు, గోడలు చూడడం తప్ప వారికి వేరే పని ఉండదు.

పోటీ కూడా తోడైంది. 1923లో బ్రిటన్ రైల్వేలు దాదాపు అన్నీ కలిసి నాలుగు పెద్ద కంపెనీలయ్యాయి: ఎల్‌ఎంఎస్ (లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్), ఎల్‌ఎన్‌ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్), గ్రేట్ వెస్టర్న్, సదరన్. సెలవుకు ఒకడు తూర్పు తీరానికి వెళితే ఎల్‌ఎన్‌ఈఆర్‌కు డబ్బు, దక్షిణ తీరానికి వెళితే సదరన్‌కు డబ్బు. అంటే సముద్రాలూ ఎండలూ పరస్పరం పోటీ పడాలి.

చలిగాలికి మంచి పేరు పెట్టడం

బ్రిటన్ రైల్వే పోస్టర్లలో అన్నిటికన్నా పేరున్నది ఈ నాలుగు కంపెనీల కన్నా ముందుది. 1908లో గ్రేట్ నార్తర్న్ రైల్వే లండన్ నుంచి స్కెగ్నెస్ అనే తీరపు ఊరికి సెలవు బండి నడపడానికి వేయించింది. చిత్రకారుడు జాన్ హాసల్. కంపెనీ అతనికిచ్చింది 12 గినీలు (గినీ అంటే పౌను కన్నా కాస్త ఎక్కువ).

బొమ్మలో ఒక బొద్దు జాలరి. పొడుగు బూట్లు, తలకు వానటోపీ, నోట్లో పైపు. రెండు చేతులూ బార్లా చాచి ఇసుక మీద గంతులు వేస్తున్నాడు. పైన మాట: ‘స్కెగ్నెస్ ఈజ్ సో బ్రేసింగ్’. బ్రేసింగ్ అంటే ఒళ్లు జలదరించి హుషారెక్కించే గాలి. ఆ జాలరి దుస్తులు ఇంకోసారి చూడండి. సెలవుకు రమ్మని పిలిచే పోస్టరులో మనిషి నిండా కప్పుకుని ఉన్నాడు. స్కెగ్నెస్ ఉత్తర సముద్రం ఒడ్డున ఉంది, అక్కడి గాలి చల్లన. ఆ సంగతి దాచలేరు, వెళ్లి వచ్చినవాడు చెప్పేస్తాడు. అందుకని చలినే ఆరోగ్యంగా మార్చి అమ్మారు. ఇంత తెలివైన ప్రకటనలు అరుదు. ఆ బొమ్మ వేసిన హాసల్ ఆ ఊరికి మొదటిసారి వెళ్లింది 1936లో అని చెబుతారు.

తరవాత వచ్చిన ఎల్‌ఎన్‌ఈఆర్ కూడా తూర్పు తీరానికి అదే విద్య వాడింది. ‘తడి తక్కువ వైపు’ అని ప్రచారం చేసింది. బ్రిటన్‌లో పడమటి వైపు కన్నా తూర్పున వాన తక్కువ పడుతుంది కాబట్టి మాట నిజమే. వెచ్చదనం ఊసు మాత్రం ఎత్తలేదు. అది సదరన్ రైల్వే సొత్తు. సదరన్ పోస్టర్లలో ఒకటి చిత్రం కాదు, ఫొటో. 1924లో వాటర్లూ స్టేషన్‌లో తీసినది. చిన్న పిల్లవాడు చేతిలో పెట్టెతో ప్లాట్‌ఫారం మీద నిలబడి, తల పైకెత్తి ఇంజను మనిషితో మాట్లాడుతుంటాడు. దక్షిణానికి వేసవి ముందుగా వస్తుంది కాబట్టి నేను ముందుగానే సెలవు తీసుకుంటున్నాను అని పిల్లవాడి మాట. ముద్దొచ్చే ఆ మాటలో లెక్క ఉంది. అసలు వేసవిలో బండ్లు ఎలాగూ నిండుతాయి, కంపెనీకి కావలసింది అంతకు ముందు వారాల్లో ఎక్కేవాళ్లు.

రాయి మీద బొమ్మ, పేరు లేని చేయి

ఈ చిత్రాల పోస్టర్లు ఎక్కువగా లితోగ్రఫీ, అంటే శిలాముద్రణ పద్ధతిలో అచ్చయినవి. 18వ శతాబ్దం చివర్లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతికి ఆధారం ఒక్కటే, నూనె, నీరు కలవవు. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా రుద్దితే జిడ్డున్న చోటే సిరా అంటుకుంటుంది. కాగితం పెట్టి నొక్కితే బొమ్మ వస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. మన ఇళ్లలో ఫ్రేములు కట్టించుకున్న రవివర్మ లక్ష్మీ సరస్వతులు ఇదే దారిలో వచ్చాయి. తరవాత రాళ్ల బదులు జింకు రేకులు వాడారు.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. చిత్రకారుడు కాగితం మీదో గుడ్డ మీదో బొమ్మ వేసి ఇచ్చేవాడు. అచ్చాపీసులో ఇంకొకరు దాన్ని రంగురంగుగా విడదీసి రాళ్ల మీద మళ్లీ గీసేవారు. ఆకాశంలోని నీలం ఎంత పలచన కావాలో, నీడకు వేరే రాయి అవసరమా, ఉన్న రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడితే సరిపోతుందా అన్న నిర్ణయాలు చాలావరకు ఆ పనివాడివే. పోస్టరు అడుగున సంతకం మాత్రం చిత్రకారుడిది. కళ ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నా లెక్కన ఆ సంతకం పక్కన ఇంకో రెండు మూడు పేర్లకు చోటు ఉండాలి.

ఇది కళేనా అన్న పాత తగాదా

ఈ తగాదాలో ఇద్దరు చిత్రకారులను ఎదురెదురుగా పెడితే సంగతి తేలికగా అర్థమవుతుంది.

ఒకరు నార్మన్ విల్కిన్సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు గురి తప్పేలా ఓడలకు చారల రంగులు వేసే పద్ధతి కనిపెట్టిన మనిషి. గోడ నిండా ప్రకటనలు కేకలు పెడుతున్నప్పుడు నెమ్మదిగా ఉన్న ఒక మంచి ప్రకృతి దృశ్యమే కంటిని ఆపుతుందని ఆయన వాదన. 1924లో ఎల్‌ఎంఎస్ కోసం లండన్‌లోని పేరున్న కళాసంస్థ రాయల్ అకాడమీ చిత్రకారుల చేత పోస్టర్లు వేయించింది ఆయనే. గ్యాలరీలో వేలాడే చిత్రాలు స్టేషన్‌కు వచ్చాయి. పత్రికలు మెచ్చుకున్నాయి. అవి చిత్రాలుగా బాగున్నాయి కానీ పోస్టర్లుగా బాగున్నాయా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. నడుస్తూ వెళ్లే మనిషికి దొరికేది రెండు మూడు క్షణాలు, నూనెరంగుల చిత్రంలోని మబ్బుల ఛాయలు అతనికి ఏం అందుతాయి?

రెండోవారు టామ్ పర్విస్. ఎల్‌ఎన్‌ఈఆర్ ప్రచార విభాగం అధిపతి విలియం టీస్‌డేల్ ఏటా ఇంత అని ఒప్పందం చేసుకుని దగ్గర ఉంచుకున్న అయిదుగురిలో ఒకరు. ఆయన బొమ్మల్లో గీతలు ఉండవు. ఇసుక ఒక పసుపు ముక్క, సముద్రం ఒక నీలం ముక్క, మనిషి మూడు నాలుగు రంగుల ముక్కలు. కనుముక్కు తీరు దాదాపు కనిపించదు. కత్తెరతో కత్తిరించి అతికించినట్టు ఉంటుంది, అయినా ఎండ ఎటునుంచి పడుతున్నదో తెలిసిపోతుంది. 1931లో ‘ఈస్ట్ కోస్ట్ జాయ్స్’ పేరుతో ఆరు పోస్టర్లు వేశారు. ఒకదానిలో నడక, ఒకదానిలో ఎండకాగడం, ఇంకోదానిలో చేపలు పట్టడం, ఇలా. ఏ పోస్టరుకు ఆ పోస్టరే పూర్తి చిత్రం. ఆరింటినీ వరసగా అంటిస్తే మాత్రం తీరరేఖ ఒకదాని నుంచి ఇంకోదానిలోకి సాగిపోయి ఒకే పెద్ద దృశ్యమవుతుంది. గోడ పొడవును కూడా బొమ్మలో భాగం చేసుకున్న ఈ ఆలోచన గ్యాలరీ చిత్రానికి రాదు. ఎవరు గెలిచారని నన్నడిగితే పర్విస్ అంటాను.

ఫ్రాన్సులో కసాండ్ర్ అనే పోస్టరు చిత్రకారుడు ఇంకా దూరం వెళ్లాడు. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈయన 1927లో వేసిన ‘ఎట్వాల్ దు నార్’ పోస్టరులో రైలు లేదు, ఊరు లేదు, మనుషులు లేరు. నేల నిండా పట్టాలు, అవి చివర కలిసే చోట ఒక నక్షత్రం. ఆ రైలు పేరుకు అర్థం ఉత్తర తార అని. అదే ఏడాది ‘నార్ ఎక్స్‌ప్రెస్’లో ఇంజనును చక్రాల ఎత్తు నుంచి చూపించాడు. భారీ ఇంజను మన మీదుగా దూసుకుపోతుంది. బ్రిటిష్ కంపెనీలు సెలవులు అమ్మితే కసాండ్ర్ వేగాన్ని అమ్మాడు. కొనేవారు వేరు మరి, దేశాలు దాటే ఆ బండి ఎక్కేది డబ్బున్నవాళ్లు.

పోస్టరులో కనిపించని దేశం

సామాజిక చరిత్రకు పోస్టరు సాక్ష్యం అవుతుందా అంటే రెండు అభిప్రాయాలున్నాయి. అవుతుందనేవారు చూపించేవి నిజంగా విలువైనవే. స్త్రీల ఈత దుస్తులు ఎలా మారాయి, ఎండకు నల్లబడడం ఎప్పుడు ఫ్యాషనైంది, కుటుంబంతో సెలవు అన్న ఊహ ఎప్పుడు స్థిరపడింది అన్నవి వరసగా పెట్టిన పోస్టర్లలో చదువుకోవచ్చు. కాదనేవారు అంటారు, ఆ తీరాల్లో వాన పడదు, జనం తోసుకోరు, ఎవరూ పని చేయరు, అది దేశం కాదు, కల అని. బ్రిటన్‌లో కార్మికులకు జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది 1938లో. పర్విస్ ఇసుక మీద తీరికగా పడుకున్న మనుషులు అంతకు ముందువాళ్లు. వాళ్లు ఏ వర్గమో దానినిబట్టే తెలుస్తుంది.

ఈ రెండో వాదానికి బలమైన రుజువు రైల్వే బయట దొరుకుతుంది. ఎల్‌ఎన్‌ఈఆర్ అయిదుగురిలో ఒకరైన ఫ్రాంక్ న్యూబౌల్డ్ రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వానికి పోస్టర్లు వేశాడు. ‘ఇది మీ బ్రిటన్, దీని కోసం పోరాడండి’ అన్న మాటతో పచ్చటి గుట్టలు, గొర్రెల కాపరి. రైల్వే పోస్టరులోని దేశమే యుద్ధానికి వెళ్లింది. అదే మాటతో ఏబ్రమ్ గేమ్స్ అనే చిత్రకారుడు వేసిన ఇంకో పోస్టరులో తెల్లటి కొత్త ఆరోగ్య కేంద్రం ఉంటుంది, దాని వెనక శిథిలమైన ఇంట్లో కాళ్లు వంకరపోయిన పిల్లవాడు. అది చర్చిల్‌కు నచ్చలేదు. పోస్టరును ఆపేశారు. రెండూ ఒకే ప్రభుత్వ సంస్థ కోసం వేసినవి, ఒకటి నిలిచింది, ఒకటి పోయింది.

ఖాళీ సీటు సూత్రానికి రుజువు కూడా ఆ యుద్ధమే. సైనికులతో బండ్లు కిటకిటలాడేసరికి అవే గోడల మీద కొత్త పోస్టర్లు వెలిశాయి: ‘మీ ప్రయాణం నిజంగా అవసరమా?’

విజిట్ ఇండియా, ఎవరిని రమ్మని?

ఇప్పుడు మన తాజ్‌మహల్ దగ్గరికి రావచ్చు. 1920ల చివర, 1930లలో ఇండియన్ స్టేట్ రైల్వేస్ పేరుతో వచ్చిన పోస్టర్లు ఇంగ్లిషులో, విదేశాల నుంచి వచ్చే పర్యాటకుల కోసం వేసినవి. బ్రిటన్ పోస్టర్లతో పోలిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ బొమ్మలో ఉన్న మనిషి, బొమ్మ చూసే మనిషి ఒకే రకం. ‘నువ్వు ఇలా ఉంటావు’ అని చెబుతుంది పోస్టరు. ఇక్కడ తలపాగాలు, బిందెలు, ఏనుగులు ఉన్న దృశ్యం ఒకవైపు, దాన్ని చూడడానికి టికెట్టు కొనేవాడు ఇంకోవైపు. ఈ దేశపు మనిషి చూడదగిన వస్తువే గాని ప్రయాణికుడు కాదు.

మరి ఈ దేశపు మనిషి రైలెక్కలేదా? బండ్లు నిండింది అతనితోనే. 1917 సెప్టెంబరులో గాంధీ బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో వెళ్లి, ఆ అనుభవాన్ని రాశారు. టికెట్టు 13 రూపాయల 9 అణాలు. పెట్టె మీద 22 మందికి అని రాసి ఉంది. రాయచూరు దాటాక తాకిడి భరించలేనంత అయిందని, ప్రయాణంలో చాలా భాగం 35 మందికి తక్కువ లేరని, కొందరు మురికిలో నేల మీదే పడుకున్నారని, కొందరు నిలబడే ఉన్నారని ఆయన రాశారు. రాయచూరు నుంచి మద్రాసుకు ఆ దారి గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా వస్తుంది. పై తరగతుల నానాటి విలాసాల ఖర్చు మూడో తరగతి జనమే మోస్తున్నారని కూడా ఆయన ఫిర్యాదు.

దశాబ్దం తరవాతి పోస్టర్ల పక్కన ఈ వ్యాసం పెట్టి చదివితే చిక్కుముడి వీడుతుంది. 22 మంది పెట్టెలో 35 మంది ఎక్కుతుంటే ఇంకెవరిని రమ్మని పోస్టరు వేస్తారు? ఖాళీగా ఉన్నవి పై తరగతి సీట్లు. బొమ్మలు వాటి కోసం. సంక్రాంతి ముందు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు ఎవరైనా పోస్టరు వేస్తారా?

వలసపాలకుల కంటితో చూసిన భారతదేశం అని ఈ పోస్టర్లను విమర్శించేవారి మాటలో చాలా నిజముంది. అయితే కథ అక్కడితో తెగదు. తాజ్‌మహల్, కాశీ, కశ్మీరు, రాజస్థాన్ కోటలు అన్న ఆ జాబితాను స్వతంత్ర భారతం పెద్దగా మార్చలేదు. తరవాతి పర్యాటక ప్రచారమూ వాటినే ముందు పెట్టుకుంది. 1946లో వచ్చిన ఎయిర్ ఇండియా మహారాజా బొమ్మ కూడా ఆ తలపాగానే పెట్టుకుంది, కాకపోతే ఈసారి తన మీద తానే నవ్వుకుంటూ. దొరలు కట్టిన చట్రాన్ని మనం తిరగరాశామా, అద్దెకు తీసుకున్నామా అన్నది ఇంకా తేలని వాదమే.

అసలా, నకలా

పాతదని అమ్మే పోస్టరు గురించి ఒక చిన్న మాట. అప్పటి బ్రిటిష్ పోస్టర్లకు రెండు ప్రామాణిక కొలతలుండేవి: 25 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ఒకటి, 50 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ఇంకొకటి. ఇంట్లో ఫ్రేముకు సరిగ్గా సరిపోయే సైజులో ఉన్నదంటే నకలు అయ్యే అవకాశం ఎక్కువ. భూతద్దంలో చూస్తే లితోలో రంగు చదునుగానో, సుద్ద గరుకుగానో కనిపిస్తుంది. ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో క్రమం తప్పని చుక్కలు కనిపిస్తాయి. గోడకెక్కిన పోస్టర్లు సినిమా వాల్‌పోస్టర్లలాగే ఒకదాని మీద ఒకటి అంటుకుని పోయాయి. మిగిలినవి ఎక్కువగా అంటించకుండా దాచినవి. యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో పది వేలకు పైగా ఉన్నాయి. ఇప్పుడు మూడో రకం కూడా వచ్చింది. పాత శైలిలో ఈ మధ్యే తయారు చేసి, మచ్చలు, మడతలు కూడా బొమ్మలోనే వేసినవి. అవి అందంగా ఉండొచ్చు, 1930ల గురించి మాత్రం ఏమీ చెప్పవు.

అరకు కిటికీ

ఈ చదువు పాత కాగితాలకే పరిమితమా అని ఎవరైనా అడిగితే విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే అద్దాల పెట్టెను చూపిస్తాను. 2017లో ఈ విస్టాడోమ్ పెట్టె మొదలైనప్పటి నుంచి ప్రచార చిత్రాల వరస ఒకటే: అద్దపు పైకప్పు, తిరిగే కుర్చీ, లోయ, బొర్రా గుహలు, మేఘాలు. పర్విస్ తీరంలాగే అక్కడ కూడా వాన ఇబ్బంది పెట్టదు, ఎవరూ నిలబడి ఉండరు.

ఆ కొత్తవలస–కిరండూల్ మార్గం 1960లలో వేసింది లోయ చూపించడానికి కాదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి. యాభైకి పైగా సొరంగాలు తొలిచింది అందుకే. ఇప్పటికీ ఆ పట్టాల మీద ముఖ్యమైన ప్రయాణికుడు ఖనిజమే, దాని వ్యాగన్లు నింపడానికి ఏ పోస్టరూ అక్కరలేదు. ప్రచార చిత్రంలో అద్దం అవతల కొండలుంటాయి. పక్క లైన్లో ఎర్రటి దుమ్ము కొట్టుకుపోయి నిలబడిన గూడ్సు బండి మాత్రం కనిపించదు.